భావం మీద శుభలేఖ ముక్క

ఈ పద్య సంకలనం 2018 జనవరిలో బెజవాడ పుస్తకాల పండగలో కొన్నాను. అప్పట్లో స్వరాజ్య మైదానంలో పెట్టేవాళ్ళు, ఇప్పుడు అంబేడ్కర్ విగ్రహం ఉన్న చోట. ధర 120 రూపాయలు. అట్ట మీద రామచిలక, లోపలంతా శతక పద్యాలు, వెనక కాసిని పిల్లల గేయాలు. అప్పటికి మా పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నోడు పాకుతున్నాడు. ఏడేళ్ళు దాటింది. చిలక ఎప్పుడో ఎగిరిపోయింది, పుస్తకం మాత్రం ఇంకా మంచం పక్కనే ఉంది.

మొదటి ఏడాది ఇది మా ఇంట్లో ఎందుకూ కొరగాలేదు. పేజీ పైన పద్యం, దాని కింద ప్రతిపదార్థం, ఆ కింద భావం, అడుగున ‘ఈ పద్యము వలన నీవేమి తెలుసుకొంటివి?’ అని ప్రశ్న. పద్యం నాలుగు పాదాలు, సంజాయిషీ పద్నాలుగు లైన్లు. పెద్దది పద్యాన్ని దాటేసి సరాసరి భావంలోకి దూకేది. అది చదివేసి ‘అర్థమైంది నాన్నా, ఇంకోటి’ అనేది. బళ్ళో మార్కులు పడేది భావానికే, దాన్ని అని ఏం లాభం?

ఒకరోజు విసుగొచ్చి, ఎవరిదో పెళ్ళి శుభలేఖ అట్ట కత్తిరించి భావం మీద కప్పాను. పసుపు పూసిన మూలలతో సహా. ఆ రాత్రి వచ్చింది వేమన ‘ఉప్పు కప్పురంబు’ పద్యం. కింద చూడ్డానికేం లేకపోయేసరికి నన్ను అడిగింది: ‘నిజంగా రెండూ ఒకలాగే ఉంటాయా?’ లేచి వంటింట్లోంచి కల్లుప్పు, దేవుడి అరలోంచి కర్పూరం తెచ్చి ప్లేటులో పక్కపక్కన పోసి ఫ్యాను కింద పెట్టింది. తెల్లారేసరికి కర్పూరం అంచులు అరిగిపోయాయి, ఉప్పు చెమ్మగిల్లి ప్లేటుకి అంటుకుంది. మా ఊరి ఉక్కపోత సంగతి తెలుసుగా. పురుషులందు పుణ్యపురుషుల గొడవ దానికి ఆ రోజు పట్టలేదు, నేనూ ఎత్తలేదు.

పిల్లలకి ఒక్క శతకమే కొనిపెట్టేవాళ్ళకి నేను సంకలనమే చెప్తాను. ఎందుకంటే రెండు మూడు రకాల నడకలు పక్కపక్కనే దొరుకుతాయి. చిన్నోడికి ఆరో ఏట చప్పట్ల పిచ్చి పట్టింది. ‘విశ్వదాభిరామ వినురవేమ’ అంటే ఐదు చప్పట్లు: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. నాలుగు పేజీల అవతల కరుణశ్రీ మకుటం: లలిత, సుగుణ, జాల, తెలుగు, బాల. అదీ ఐదే. ‘ఇద్దరూ ఒకే ఊరివాళ్ళా నాన్నా?’ అన్నాడు. కరుణశ్రీ మన పక్కనే గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పాఠాలు చెప్పాడని చెప్పాను గానీ వాడి ప్రశ్న అది కాదు. రెండూ ఆటవెలది అనే రకం పద్యంలో నాలుగో పాదాలు, ఐదూ సూర్యగణాలనే చిన్న ముక్కలే, ఒక్కోటి మూడేసి మాత్రలు, అంటే పలికే కాలం కొలతలు. ఒకటీ మూడూ పాదాల చివర ఇంకాస్త పొడుగైన ఇంద్రగణాలొస్తాయి, అక్కడ మా చప్పట్లు తడబడతాయి. అందుకని రెండూ నాలుగూ పాదాలతోనే ఆడుకునేవాళ్ళం. సుమతి దగ్గరికొస్తే కందం అనే ఇంకో రకం పద్యం కాబట్టి లెక్క మారింది: ఉపకా, రికినుప, కారము. నాలుగేసి మాత్రలు. ‘ఇది వేరే ఆట’ అని తేల్చేశాడు. వాడికి గురువూ లఘువూ అన్న మాటలు ఇప్పటికీ తెలియవు.

ఈ ఆటలోనే పుస్తకం లోపం ఒకటి బయటపడింది. 61వ పేజీలో ‘తినగ వేము తియ్యనుండు’ అని అచ్చేశారు. ‘ఒక చప్పట తక్కువైంది’ అన్నాడు చిన్నోడు. నిజమే, ఇంకో ‘తినగ’ ఎగిరిపోయింది. ఒక్కసారి తింటే వేప తియ్యగా ఎలా ఉంటుంది లెండి! ఐదేళ్ళుగా చదువుతున్నా నా కంటికి ఆనలేదు. పెన్నుతో రాసుకున్నాం.

ఇంకో కంప్లైంటు: పద్యాలు ఏ ప్రతిలోంచి తీసుకున్నారో ఎక్కడా చెప్పలేదు. వేమన పద్యాలకి పాఠాంతరాలు బోలెడు. బ్రౌన్ దొర తాళపత్రాలు పోగేసి 1829లో అచ్చు వేయించిన నాటి నుంచీ ఆ తేడాలు నడుస్తూనే ఉన్నాయి. మా అమ్మ చెప్పేది ఒకటి, పుస్తకంలో ఇంకొకటి. మనవరాలికీ నాయనమ్మకీ పంచాయితీ. అడుగున ఒక లైను వేసుంటే సరిపోయేది.

బైండింగు గురించి చెప్పేదేముంది, జిగురు అతుకు. రెండో మే నెలకే పేజీలు రాలాయి. గవర్నరుపేటలో దారంతో కుట్టించాను. వెనక ఉన్న గేయాలు మరీ తక్కువ, మొత్తం మీద నవ్వించేవి అవే. మిగతాదంతా నీతే. సెలవుల్లో అపార్ట్‌మెంటు పిల్లలకి ఇస్తే ఆ గేయాల పేజీలే నలిగి తిరిగొచ్చాయి, ఒక ఆకు రానేలేదు.

మధ్యలో ఒకరు బహుమతిగా ఇచ్చిన బొమ్మల సంకలనమూ వాడాం. నున్నటి ఆర్టు పేపరు. ట్యూబులైటు కింద పెడితే బొమ్మ తప్ప అక్షరం కనపడదు, పక్కన పడేశాం. పెద్దదానికి పన్నెండు వచ్చాక వైతాళికులు ఇచ్చాను, 1935లో ముద్దుకృష్ణ కూర్చిన భావకవుల సంకలనం. నాలుగు పేజీలు తిప్పి ‘అందరూ ఏడుస్తున్నారు’ అని అరలో పెట్టేసింది. మొన్న లెక్కల నోటుబుక్కు వెనకాల అందులోంచి ఎనిమిది పాదాలు పెన్సిలుతో ఎత్తి రాసుకుని ఉంది. చూడనట్టే ఊరుకున్నాను.

చిలక పుస్తకం మళ్ళీ కొంటారా అంటే కొంటాను, శుభలేఖ ముక్కతో కలిపి. డబ్బులిచ్చే ముందు స్టాల్లోనే వేమన పేజీ తీసి చప్పట్లు కొట్టి చూడండి. స్టాలాయన అదోలా చూస్తే చూడనీయండి.