ట్రాలీనా, ఆర్థోనా, మామూలు బ్యాగా?

జూన్‌లో బడులు తెరిచే ముందు విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక్క స్కూలు బ్యాగు కొనడానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది. అమ్మాయి నాలుగో తరగతిలోకి వచ్చింది. దానికి రంగు ముఖ్యం. పోయినేడంతా బడి నుంచి రాగానే మెడ కింద చెయ్యి పెట్టి "అమ్మా, ఇక్కడ లాగుతోంది" అనేది కాబట్టి నాకు వీపు ముఖ్యం.

బయల్దేరే ముందు పాత బ్యాగుని పుస్తకాలతో సహా కొక్కెం తూకానికి తగిలించి చూశాను. 4.8 కిలోలు! పిల్ల బరువేమో 26. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం పదో తరగతి దాకా బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. 3 నుంచి 5 తరగతులకైతే 1.7 నుంచి 2.5 కిలోలని అంకెలు కూడా వేసింది. తెలంగాణ 2017లోనే జీవో ఇచ్చి ఆ తరగతులకు 2 నుంచి 3 కిలోలంది. ఏ లెక్కన చూసినా మా పిల్ల ఒకటిన్నర రెట్ల పైనే మోస్తోంది.

ట్రాలీ బ్యాగుకి మా అత్తయ్య ఓటు. "భుజాన వేసుకునే పనే ఉండదు కదమ్మా, ఈడ్చుకుపోతుంది" అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ క్లాసు రెండో అంతస్తులో. చక్రాలు, కడ్డీలు, హ్యాండిలు కలిపి ఖాళీ ట్రాలీయే రెండు కిలోలకు దగ్గరగా ఉంది, మెట్ల దగ్గర దాన్ని ఒక్క చేత్తో ఎత్తాలి. మెట్లెక్కేటప్పుడు దెబ్బలు తగలొచ్చనే ఆ పాలసీ కూడా చక్రాల బ్యాగులు వద్దంది. పైగా మా ఆటో అబ్బాయి బ్యాగులన్నీ బయట కొక్కేలకు తగిలిస్తాడు, ట్రాలీని చూస్తే దణ్ణం పెడతాడు. కారులో గేటు దాకా దింపేవాళ్లకి, క్లాసు కిందే ఉన్నవాళ్లకి పనికొస్తుందేమో. మాకు కాదు.

ఇక వెన్నుకి మంచిదని చెప్పి అమ్మే ఆర్థో బ్యాగు. షాపతను దాన్ని బోర్లించి వీపు వైపు వేళ్లతో టకటకా కొట్టాడు. "చూడండి మేడమ్, పలకలా ఉంటుంది, వెన్నుకి ఏమీ కాదు." నిజంగానే బాగుంది. పుస్తకాలు నిటారుగా నిలబడతాయి, కంపాస్ బాక్సు మూల వీపులో గుచ్చుకోదు. ధర 2,400. నా తూకం బయటికి తీశాను (అతను నవ్వాడు, నవ్వనీ). ఖాళీగానే 1.3 కిలోలు! పిల్ల బరువులో పదో వంతంటే 2.6 కిలోలు, అందులో సగం పుస్తకం పెట్టకముందే అయిపోయింది. ఆర్థో అని అచ్చేసినంత మాత్రాన ఏ డాక్టరో చూసి ఖాయం చేసినట్టు కాదు కదా.

మూడోది మామూలు బ్యాగు. 550 గ్రాములు, 950 రూపాయలు. రెండంగుళాల వెడల్పున్న మెత్తటి పట్టీలు, వీపుకి పల్చటి ఫోమ్, ఛాతీ దగ్గర చిన్న క్లిప్పు. దీనికీ లోపం లేకపోలేదు. నిలబడదు, సర్దకపోతే పుస్తకాలన్నీ అడుక్కి జారి మూటలా వేలాడుతుంది. అందుకే బరువైనవి వీపుకి ఆనించి, తేలికవి ముందుకి పెట్టాలి.

ఇంటి నుంచి తీసుకెళ్లిన నాలుగు పుస్తకాలు అందులో పెట్టి, పిల్లకి తగిలించి అద్దం ముందు నిలబెట్టాను. బ్యాగు పైఅంచు భుజాల్ని దాటలేదు, అడుగు నడుము దగ్గర ఆగింది. పట్టీలు వదులు చేసి చూస్తే పిరుదుల మీదికి జారింది, వెంటనే పిల్ల ముందుకి వంగింది. బిగించగానే నిటారుగా నిలబడింది. "ఇంకో సైజు పెద్దది తీసుకోండి, రెండేళ్లు వస్తుంది" అన్నాడు షాపతను. యూనిఫాం అలా కొనొచ్చు, మడత కుట్టుకోవచ్చు. భుజాల కంటే వెడల్పున్న బ్యాగుని ఏం చేస్తాం?

మా ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడి పిల్లలకి ప్రభుత్వమిచ్చే విద్యార్థి మిత్ర కిట్టులోనే బ్యాగు వస్తుంది, ఎంచుకునే పని లేదు. పట్టీలు బిగించడం మాత్రం ఏ బ్యాగుకైనా ఒకటే.

మామూలుదే కొన్నాం. అసలు దొంగ ఇంట్లోనే దొరికింది. లీటరు స్టీలు బాటిలు నీళ్లతో కలిపి 1.35 కిలోలు! బళ్లో ఫిల్టరు నీళ్లున్నాయి కాబట్టి అర లీటరు ప్లాస్టిక్‌దానికి మారాం. టైమ్‌టేబుల్ చూసి రాత్రే సర్దుతున్నాం. అయినా సోమవారాలు 3 కిలోలు తూగుతోంది, ఆ రోజు నోటుబుక్కులన్నీ తెమ్మంటారు మరి. దానికోసం టీచరుగారిని అడగాలి.

ఈలోగా కొత్త తంటా. పదో తరగతి అక్కల్ని చూసి ఒక్క భుజానికే తగిలించుకుంటోంది. ఆటో దగ్గర నేను చూస్తున్నంత సేపూ రెండు పట్టీలూ, మలుపు తిరగ్గానే ఒకటే.