సీహెచ్341ఏ కిట్టు: బోర్డు పర్వాలేదు, పేచీ అంతా క్లిప్పుతోనే

విజయవాడ గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ షాపుల్లో బయోస్ ప్రోగ్రామర్ (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బయోస్ ఉండే చిప్పును చదివి, రాసే పరికరం) కావాలంటే సాధారణంగా చేతికొచ్చేది ఈ నల్ల బోర్డే. కిట్టులో యూఎస్‌బీ బోర్డు, రిబ్బన్ తీగతో ఎనిమిది కాళ్ల క్లిప్పు, 1.8 వోల్టుల అడాప్టరు ఉంటాయి. ల్యాప్‌టాప్ బోర్డు మీది బయోస్ చిప్పు చదవడానికి ఇది చాలు. అయితే డబ్బాలోంచి తీసినదాన్ని తీసినట్టే తగిలించకూడదు.

మొదటి లోపం వోల్టేజీది. చిప్పు ఎనిమిదో కాలికి 3.3 వోల్టులు సరిగ్గానే వెళ్తాయి, ఏఎంఎస్1117 రెగ్యులేటరు ఆ పని చేస్తుంది. కానీ సీహెచ్341ఏ ఐసీ మాత్రం యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి క్లాక్, డేటా, సెలెక్ట్ లైన్ల మీద 5 వోల్టులు పడతాయి. విడి చిప్పు దీన్ని చాలాసార్లు ఓర్చుకుంటుంది. చిప్పు ల్యాప్‌టాప్ బోర్డు మీద ఉండగానే క్లిప్పు పెడితే ఆ 5 వోల్టులు పీసీహెచ్ (ఆ బోర్డు మీది ప్రధాన నియంత్రణ చిప్పు) దాకా వెళ్తాయి, అసలు భయం అక్కడ. మల్టీమీటరు ఎర్ర ప్రోబు సెలెక్ట్ కాలి మీద, నల్లది గ్రౌండు మీద పెట్టి చూడండి. 5కి దగ్గరగా చూపిస్తే మార్పు చేయాల్సిందే. ఐసీ 28వ కాలిని ప్యాడ్ మీంచి పైకి లేపి, దాన్నీ తొమ్మిదో కాలినీ కలిపి, సన్నటి తీగతో రెగ్యులేటరు మధ్య కాలికి అతికించాలి. మళ్లీ కొలిస్తే 3.3 రావాలి. పది నిమిషాల పని, బద్ధకించొద్దు.

1.8 చిప్పులకు అడాప్టరు తప్పనిసరి. ముందు అడాప్టరును సాకెట్లో పెట్టి, దాని మీద క్లిప్పు తీగ పెట్టాలి. ఏ చిప్పు ఎన్ని వోల్టులదో పేరే చెబుతుంది. విన్‌బాండ్‌లో చివర ఎఫ్‌వీ, జేవీ అని ఉంటే 3.3, ఎఫ్‌డబ్ల్యూ, జేడబ్ల్యూ అయితే 1.8. మ్యాక్రోనిక్స్‌లో 25 తర్వాత ఎల్ ఉంటే 3.3, యూ ఉంటే 1.8. గిగాడివైస్‌లో 25క్యూ 3.3ది, 25ఎల్‌క్యూ 1.8ది. అక్షరాలు చెరిగిపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టార్చి ఏటవాలుగా వేసి చూడండి, కనిపిస్తాయి.

ఇక క్లిప్పు. కిట్టులో ఇచ్చేదాని స్ప్రింగు బలహీనం, పళ్లు కొంచెం వంకరగా వస్తాయి. ఏడు కాళ్లు పట్టుకుని ఒకటి జారినా పైనుంచి చూస్తే తెలియదు. విజయవాడ ఉక్కలో బోర్డు కాళ్ల మీద పాత ఫ్లక్సు, చెమ్మ కలిసి పొర కడతాయి. 2024 బుడమేరు వరదలాంటి నీళ్లలో మునిగి ఆరిన బోర్డయితే కాళ్లు పచ్చబారి ఉంటాయి. టూత్‌బ్రష్షూ ఆల్కహాలూ పెట్టి శుభ్రం చేశాకే క్లిప్పు పెట్టండి. చిప్పు మీద చుక్క ఉన్న మూల ఒకటో కాలు, రిబ్బన్ ఎర్ర తీగ అటే ఉండాలి. రోజూ ఇదే పనిచేసేవాళ్లు పొమోనా 5250 క్లిప్పు కొనుక్కోవడం మంచిది. దాని ఖరీదు కిట్టును మించిపోతుంది, అయినా ఆ డబ్బు వృథా కాదు.

చిప్పు బోర్డు మీద ఉండగా చదవాలంటే ఛార్జరు, బ్యాటరీ, సీమాస్ సెల్లు (బోర్డు మీది చిన్న బ్యాటరీ) మూడూ తీసేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టాలి. ఛార్జరు పెట్టి చదివే చిట్కా ఒకటి చెలామణీలో ఉంది, దాన్ని నమ్మొద్దు. రెండు సరఫరాలు ఢీకొంటాయి, పైగా పీసీహెచ్ మేలుకుని అదే చిప్పును తానూ చదవడం మొదలుపెడుతుంది. క్లిప్పు పెట్టాక ఎనిమిదో కాలి వోల్టేజీ కొలవండి. విన్‌బాండ్ 3.3 చిప్పులకు కనీసం 2.7 కావాలి. అంతకన్నా దిగితే, రెగ్యులేటరు వేలు పెట్టలేనంత కాలితే, కరెంటంతా బోర్డు లాగేస్తోందన్నమాట. అప్పుడు క్లిప్పును ఎన్నిసార్లు సర్దినా లాభం లేదు. ఎనిమిదో కాలొక్కటి లేపండి, లేదా హాట్ ఎయిర్‌తో చిప్పు తీసి విడిగా చదవండి.

చిప్పు ఐడీ (తయారీదారు, రకం చెప్పే కోడు) వచ్చింది కదా అని సంబరపడొద్దు. విన్‌బాండ్ 64 మెగాబిట్ 3.3 చిప్పు అయితే ఈఎఫ్ 40 17 అని వస్తుంది. అది మూడంటే మూడు బైట్లు, అసలు చదవాల్సినవి 83,88,608. ఐడీ ప్రతిసారీ సరిగ్గా వస్తూ డంపు (చిప్పు నుంచి చదివిన ఫైలు) మాత్రం ప్రతిసారీ వేరుగా ఉండడం ఈ కిట్టుతో మామూలే. మూడుసార్లు చదవండి, ప్రతిసారీ క్లిప్పు తీసి పెట్టండి, మూడు ఫైళ్ల హ్యాష్ (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్రలాంటి సంఖ్య) కలవాలి. తేడాలు అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉంటే తీగ పొడవు వల్లో, యూఎస్‌బీ హబ్ వల్లో వచ్చిన గందరగోళం అది. తీగ పది సెంటీమీటర్లలోపు కత్తిరించి, నేరుగా కంప్యూటర్ పోర్టుకే పెట్టండి. మధ్యలోంచి చివరిదాకా అన్నీ ఎఫ్‌ఎఫ్‌లే అయితే క్లిప్పు జారినట్టే. మొత్తం 00 వస్తే సరఫరా అందడం లేదనో, లైను గ్రౌండుకు షార్టయిందనో అనుమానించాలి.

హ్యాష్ కలిశాక ఇంకొక పరీక్ష ఉంది. ఇంటెల్ బోర్డుల్లో డిస్క్రిప్టర్ (చిప్పులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) ఉన్న చిప్పయితే, హెక్స్ ఎడిటర్‌లో రెండో వరుస మొదట్లో 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ కనిపించాలి. కనిపించకపోతే ముందు చూడాల్సింది బోర్డు మీద రెండో చిప్పు ఉందేమోనని. 8 మెగాబైట్లదొకటి, 4దొకటి కలిపి వాడిన బోర్డులున్నాయి, డిస్క్రిప్టర్ ఆ రెంటిలో ఒకదాంట్లోనే ఉంటుంది.

కాళ్లు బయటికి రాని, అడుగునే ప్యాడ్లున్న చిప్పులకు మాత్రం ఈ క్లిప్పు పనికిరాదు. స్ప్రింగు సూదుల ప్రోబు విడిగా కొనాలి, కొనేటప్పుడు 6×5, 8×6 మిల్లీమీటర్లలో ఏ కొలతకో చూసుకోండి.

రాయడం మొదలుపెట్టే ముందు ఆ అసలు డంపును రెండు చోట్ల దాచండి. ఆ ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, విండోస్ కీ చాలా బోర్డుల్లో ఈ చిప్పులోనే ఉంటాయి. నెట్‌లో దొరికిన ఫైలు నేరుగా రాసేస్తే అవి పోతాయి, మీ ఫైలు లేకపోతే తిరిగి రావు.