చలికి తట్టుకునే మల్లె అంటే నమ్మి మోసపోయాను, మిన్నెసోటా వాళ్లు జాగ్రత్త

ప్రతి వేసవిలో మన తెలుగువాళ్ల పిక్నిక్‌లో మొక్కల స్టాల్ పెట్టే ఆయన దగ్గర దయచేసి ఏమీ కొనకండి. పేరు రాయను, ఎవరో మీకు తెలుసు. నిన్న సాయంత్రం నుంచి నా కోపం తగ్గట్లేదు.

పోయిన జూన్‌లో రెండు పొద మల్లెలు, ఒక దానిమ్మ, మొత్తం 170 డాలర్లు. "జోన్ 4 మొక్కలక్కా, మైనస్ ముప్పై వచ్చినా చెక్కుచెదరవు" అన్నాడు. జోన్ అంటే చలికాలంలో ఎంత చలి పడుతుందో చెప్పే అమెరికా లెక్క, అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ. ట్యాగ్ మీద కూడా పెద్దక్షరాలతో జోన్ 4 అనే ఉంది. ఈ జూన్‌లో అమ్మ వస్తోంది, పెరట్లో కూర్చుంటే మల్లెల వాసన రావాలని నా ఆశ. చలికి ముందే మొదళ్లకు మల్చ్ (చెక్కపొట్టు లాంటి కప్పు) వేశాను, గోనెపట్టా చుట్టాను.

మే వచ్చింది. పక్కింటి లైలాక్ పొద చిగురేసింది, మావి పుల్లల్లానే ఉన్నాయి. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా కనబడాలి, అప్పుడు ప్రాణం ఉన్నట్టు. పైకొమ్మ గీకాను, గోధుమరంగు. ఇంకాస్త కింద, ఇంకాస్త కింద, అలా నేలదాకా గీకాను. ఎక్కడా పచ్చదనం లేదు. రెండు వారాలు ఆగి నిన్న లాగితే కుళ్లిన వేళ్లతో సహా ఊడి వచ్చేశాయి.

అప్పుడు చూశాను ట్యాగ్. మంచులో నాని అంచు లేచింది. పట్టుకుని లాగితే స్టిక్కర్ మొత్తం ఊడొచ్చింది. దాని కింద అసలు అచ్చు: జోన్ 7.

జోన్ 7 మొక్క తట్టుకునేది సున్నా ఫారెన్‌హీట్ దాకానే. మా జోన్ 4లో చలి మైనస్ 20 నుంచి మైనస్ 30 దాకా వెళ్తుంది. 2019 జనవరిలో మినియాపోలిస్‌లోనే మైనస్ 28 పడింది. ఆ చలిలో ఇవి బతకవని ఆయనకు తెలుసు, తెలిసే స్టిక్కర్ అంటించాడు.

ఫోన్ చేస్తే ముందు హోల్‌సేల్ వాళ్లు అలాగే పంపారన్నాడు. నేను వదలకపోయేసరికి, "అయినా మిన్నెసోటాలో మల్లె ఎక్కడైనా బతుకుతుందా అక్కా, ఆ మాత్రం తెలీదా మీకు?" అన్నాడు. చెక్కుచెదరవు అన్న నోటితోనే! డబ్బు పోతే పోయింది, ఆ మాట మాత్రం మింగుడుపడట్లేదు.

తప్పు నాది కూడా. మొక్క శాస్త్రీయ నామం అడిగి ఒక్క నిమిషం వెతికినా తెలిసిపోయేది. మనవాడే కదా అని అడగలేదు. డబ్బు కూడా జెల్ (Zelle) యాప్‌లో నేరుగా పంపేశాను, తిరిగి రాబట్టుకునే దారి లేదు. మీరు కార్డుతోనే కట్టండి.

సువాసన కావాలంటే మాక్ ఆరెంజ్ అనే పూలపొద పెట్టుకోండి, "మిన్నెసోటా స్నోఫ్లేక్" అనే రకం జోన్ 4లో బతుకుతుంది, జూన్‌లో తెల్లగా పూస్తుంది. లైలాక్, అనబెల్ హైడ్రాంజియా, మన మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ల నార్తర్న్ లైట్స్ అజేలియాలు కూడా ఈ చలికి తట్టుకుంటాయి. పండ్లకైతే హరాల్సన్, హనీక్రిస్ప్ ఆపిల్స్. మల్లె కావాలంటే కుండీలోనే, చలి మొదలవగానే ఇంట్లోకి తెచ్చేయాలి.

ఆయన మొక్కలు మీ ఇంట్లో ఉంటే ఇవాళే ట్యాగ్ స్టిక్కర్ లాగి చూడండి. కింద ఏముందో ఫోటో తీసి నాకు పంపండి.