ఆవిడ వెళ్లిపోయాక మా పాత పాటల కార్యక్రమం

రోజూ పాత తెలుగు పాటలు వేసే ఆ రేడియో కార్యక్రమాన్ని ఏళ్ల తరబడి విన్నాక రాస్తున్నాను. ఏ పాటలు వేస్తారో అందరికీ తెలుసు, ఆ సంగతి వదిలేద్దాం. నేను చెప్పాలనుకున్నది పాటకు ముందు ఆ కార్యక్రమం నడిపిన అనౌన్సరు, ఆవిడ చెప్పే ఆ నాలుగు మాటల గురించే. ఏ సినిమా, ఎవరు రాశారు, ఎవరు వరస కట్టారు, ఎవరు పాడారు, ఇవి ఎగ్గొట్టి ఒక్క పాటైనా వేసినట్టు నాకు గుర్తు లేదు.

మేముండేది ఒడిశాలో, కోరాపుట్ దగ్గర సునాబెడాలో. పిల్లలది ఇంగ్లీషు మీడియం, వీధిలోకి వెళ్తే ఒడియా, తెలుగు ఇంట్లో మాట్లాడడమే తప్ప చదవడం రాదు. అలాంటి పిల్లలు పింగళి నాగేంద్రరావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి అని తడుముకోకుండా చెప్తారంటే అది ఆవిడ చలవే.

ఒకరోజు మాయాబజార్ పాట వేయబోతూ చెప్పారు, 1957లో వచ్చిన ఆ సినిమాకి సంగీతం అంటే ఘంటసాల పేరే వేశారు గానీ నాలుగు పాటల వరసలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవి, మధ్యలో ఆయన తప్పుకుంటే ఘంటసాల ఆ పని అందుకుని పూర్తి చేశారు అని. రాజేశ్వరరావుది సాలూరు దగ్గర శివరామపురం అని కూడా అన్నారు. చపాతీ పిండి కలుపుతున్న అమ్మ ఆ చేతులతోనే వచ్చి సౌండ్ పెంచమంది. మేం విజయనగరం వెళ్లాలంటే ఘాట్ దిగి సాలూరు మీదుగానే వెళ్లాలి మరి! ఆ తర్వాత బస్సు సాలూరులో ఆగితే మా చిన్నది కండక్టర్‌ని శివరామపురం ఎటు అని అడిగింది.

పోయిన ఏడాది ఒక సోమవారం వేరే గొంతు వినిపించింది. సెలవు పెట్టారేమో అనుకున్నాం. వారమైంది, నెలైంది. ఎవరో శ్రోత ఫోన్ చేసి అడిగితే గానీ రిటైరయ్యారన్న మాట బయటికి రాలేదు, అదీ ఒక్క ముక్కలో చెప్పేసి వెంటనే పాట వేసేశారు. అన్నేళ్లు మన ఇళ్లలో మాట్లాడిన మనిషికి వెళ్లొస్తానని చెప్పుకోవడానికి ఐదు నిమిషాలు ఇవ్వలేకపోయారా? ఆ కోపం నాకింకా తగ్గలేదు.

కొత్తబ్బాయి గొంతు బాగుంది, హుషారుగా ఉంటాడు. కానీ సినిమా పేరు, హీరో పేరు, అంతే. పాట మొదట్లో వచ్చే వీణ మీద మాట్లాడేస్తాడు, రెండో చరణం పూర్తవకుండానే ప్రకటన వచ్చేస్తుంది.

ఆవిడ దగ్గర లోటే లేదని కాదు. సుశీల అంటే మరీ ఇష్టం, జిక్కి పాట, రావు బాలసరస్వతీదేవి పాట ఎప్పుడో గానీ వచ్చేవి కావు. చెప్పిన విశేషాలే మళ్లీ మళ్లీ చెప్పేవారు. కోరాపుట్ వైపు నుంచి వెళ్లిన ఉత్తరాలు చదవడమూ తక్కువే.

విశాఖలోనో విజయవాడలోనో ఉండి, పాట వినబడితే చాలనుకునేవాళ్లకు ఇప్పటి పద్ధతే నచ్చొచ్చు, కాదనను. మాకిక్కడ కబుర్లతో సహా తెలుగు వినిపించే చోట్లు తక్కువ. తమ్ముడు పాత పాటలు నింపి అమ్మే డబ్బా ఒకటి కొనిచ్చాడు, సౌండ్ బ్రహ్మాండం, అమ్మ నాలుగు రోజులు విని "ఇది మాట్లాడదేంరా" అని పక్కన పెట్టేసింది. కార్యక్రమం మాత్రం ఇంకా వింటున్నాం. ఆవిడ పాత రికార్డింగులు వాళ్ల దగ్గర ఉండే ఉంటాయి, వారానికి ఒక్కరోజు అవి వేస్తే మా ఇంట్లో ఆ రోజు ఎవరూ రేడియో కట్టేయరు.