బాక్సింగ్ పందెం వేసేవాళ్లకు హెచ్చరిక: గెలిచేదెవరో సరిగ్గా చెప్పినా డబ్బు పోతుంది

బాక్సింగ్ మీద డబ్బు పెట్టి పోగొట్టుకున్నవాళ్ల నోట ఒక మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది: "నేను చెప్పినవాడే గెలిచాడు, అయినా స్లిప్ మీద ఓడినట్టు చూపిస్తోంది." ప్రతిసారీ మోసమే జరిగిందనుకోవద్దు. రింగులో జరిగింది ఒకటి, మీ పందెం వివరాలున్న స్లిప్‌లో రాసి ఉన్నది ఇంకొకటి. డబ్బు లెక్క తేలేది స్లిప్‌లోని మాటల ప్రకారమే. ఆ మాటలు చదవకుండా బటన్ నొక్కకండి.

ముందు డ్రా సంగతి. 2017 సెప్టెంబర్ 16న కనెలో అల్వారెజ్, గెన్నడీ గొలోవ్‌కిన్ తలపడ్డారు. పన్నెండు రౌండ్లయ్యాక ఒక జడ్జి 118-110తో కనెలోకి, ఇంకో జడ్జి 115-113తో గొలోవ్‌కిన్‌కి ఇచ్చారు. మూడో జడ్జి స్కోర్‌కార్డు 114-114. అంటే డ్రా. ఆ రాత్రి గొలోవ్‌కిన్ మీద ఇద్దరు పందెం వేశారనుకుందాం. మొదటివాళ్లది 'టూ-వే', అంటే ఇద్దరు బాక్సర్లలో ఎవరన్నది మాత్రమే. డ్రా అయితే పెట్టింది పెట్టినట్టు వెనక్కి వస్తుంది. రెండోవాళ్లది 'త్రీ-వే'. అందులో డ్రా కూడా విడిగా పందెం వేసుకోదగ్గ ఫలితం, కాబట్టి గొలోవ్‌కిన్ మీద పెట్టిందంతా పోయింది. బాక్సర్ ఒకడే, రాత్రీ ఒకటే. యాప్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, పైగా త్రీ-వేలో రేటు కాస్త ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి వేలు అటే పోతుంది. డ్రా అరుదులే అని వదిలేయకండి. 2018 డిసెంబర్ 1న వైల్డర్, ఫ్యూరీల పోటీ డ్రాయే. 2025 మార్చి 1న జెర్వోంటా డేవిస్, లామోంట్ రోచ్‌ల పోటీ కూడా డ్రాయే.

రేటు అంటే ఏమిటో తెలియకుండా పందెం వేసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, అందుకే ఈ లెక్క. 1.20 అంటే 100 పెట్టి గెలిస్తే చేతికొచ్చేది 120, అందులో మీ 100 పోను లాభం 20. అమెరికా పద్ధతిలో ఇదే −500, అంటే 100 లాభానికి 500 పెట్టాలి. ఎదుటివాడి రేటు 4.50 అయితే అది +350, అంటే 100 పెడితే లాభం 350. ఇప్పుడు 100ని ఒక్కో రేటుతో భాగించండి: 83.3, 22.2. కలిపితే 105.5. నిజమైన అవకాశాలు కలిపితే 100 కదా, పైనున్న 5.5 బుకీ (పందేలు కట్టించుకునేవాడు) వాటా. త్రీ-వేలో 1.25, 4.20, డ్రాకి 17 అని ఉంటే 80, 23.8, 5.9 కలిపి 109.7 అవుతుంది. గెలుస్తాడనుకునేవాడి రేటు పెద్దదిగా కనిపించే చోటే బుకీకి మిగిలేదీ పెద్దదన్నమాట. నాలుగు పోటీలు కలిపి ఒకే స్లిప్ కట్టేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి. ఆ వాటా కూడికలా కాదు, హెచ్చవేతలా పెరుగుతుంది: ఒక్కోదాంట్లో 1.055 అయితే నాలుగింటికి 1.24 దాకా పోతుంది.

ఇక రౌండ్ల పందెం. ఎక్కువ గొడవలు ఇక్కడే. '9.5 రౌండ్లకు పైన' అని వేస్తే పదో రౌండు మొదలైతే చాలు గెలిచినట్టే అనుకుంటారు. కాదు. ఆ అర అంటే రౌండులో సగం సమయం. పురుషుల రౌండు మూడు నిమిషాలు కాబట్టి పదో రౌండులో 1:30 దాటాలి. 2017 ఆగస్టు 26న మేవెదర్, మెక్‌గ్రెగర్ పోటీని రిఫరీ పదో రౌండులో 1:05 దగ్గర ఆపేశాడు. అలాంటి పోటీలో 9.5 పైన అన్న స్లిప్ 25 సెకన్ల తేడాతో ఓడినట్టే. మహిళల పోటీల్లో సాధారణంగా రౌండు రెండు నిమిషాలే, అక్కడ సగం అంటే ఒక నిమిషం. పురుషుల లెక్కే పట్టుకుని కూర్చుంటే గెలిచిన స్లిప్‌ని ఓడిందనుకునే ప్రమాదమూ ఉంది.

రౌండ్ల మధ్య విరామంలో, బాక్సర్ కూర్చున్న స్టూలు మీదే ముగిసే పోటీలు ఇంకో చిక్కు. 2017 డిసెంబర్ 9న లొమచెంకోతో పోటీలో రిగొండో ఆరో రౌండు పూర్తయ్యాక ఏడో రౌండుకి లేవలేదు. ఏడో రౌండు గంట కొట్టే వేళకు ఆగింది కదా, ఏడో రౌండులో ముగిసినట్టే అని మనకు అనిపిస్తుంది. చాలామంది బుకీల నిబంధన వేరు: తర్వాతి రౌండుకి రాకపోతే, పూర్తయిన చివరి రౌండులోనే ముగిసినట్టు లెక్క. అంటే ఆరు అన్నవాళ్లకు డబ్బు, ఏడు అన్నవాళ్లకు సున్నా. 'రౌండ్ బెట్టింగ్' నిబంధనల్లో 'విరామంలో విరమణ' గురించిన వాక్యం వెతికి చదవండి. ఆ ఒక్క వాక్యం లేని చోట రౌండు మీద డబ్బు పెట్టకపోవడమే మంచిది.

గెలుపు ఎలా వస్తుందన్న పందెంలో 'నాకౌట్' అన్న మాటలో ఏమేం కలిశాయో చూడాలి. చాలాచోట్ల నాకౌట్, రిఫరీ ఆపడం, బాక్సర్ మూల నుంచే (అతనో, అతని కోచో) విరమణ, అనర్హత వేటు అన్నీ ఒకే గంపలో ఉంటాయి. కొన్నిచోట్ల అనర్హత విడిగా ఉంటుంది. 1996 జులై 11న బోవ్‌తో తలపడ్డ గొలోటా స్కోరులో ముందున్నా, నడుము కింద దెబ్బలు ఆపనందుకు ఏడో రౌండులో అతన్ని అనర్హుణ్ణి చేశారు. బోవ్ గెలుపు ఖాయం, కానీ 'బోవ్ నాకౌట్‌తో' అన్న స్లిప్ గెలిచిందా ఓడిందా అన్నది ఆ గంపలో అనర్హత ఉందో లేదో అన్నదాని మీదే ఆధారపడుతుంది.

తలలు తగిలి కనుబొమ్మ చీలే పోటీల్లో ఇది ఇంకా మెలిక పడుతుంది. అమెరికాలో వాడే ఏకీకృత నిబంధనల ప్రకారం, ప్రమాదవశాత్తూ తల తగిలి నాలుగు రౌండ్లు పూర్తి కాకముందే ఆగితే 'నో కాంటెస్ట్' (గెలుపోటములు లేనట్టు), ఆ తర్వాత ఆగితే అప్పటిదాకా ఉన్న స్కోర్‌కార్డులతో 'టెక్నికల్ డెసిషన్'. ఎనిమిదో రౌండులో అలా ఆగిందనుకోండి: చాలాచోట్ల 'పాయింట్ల మీద గెలుపు' అన్న పందెం గెలుస్తుంది, 'పోటీ చివరిదాకా సాగుతుంది' అన్నది ఓడుతుంది. రెండూ ఒకటేలే అనుకుని రేటు ఎక్కువున్నదాన్ని ఎంచుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

పోటీ అయిపోయాక ఫలితం మారితే? 2024 ఏప్రిల్ 20న రయన్ గార్సియా బరువు పరిమితి కంటే 3.2 పౌండ్లు ఎక్కువ తూగి కూడా డెవిన్ హేనీని మూడుసార్లు కింద పడేశాడు, జడ్జీల మెజారిటీ నిర్ణయంతో గెలిచాడు. తర్వాత పరీక్షల్లో నిషేధిత మందు ఆస్టరీన్ దొరికి ఆ ఫలితాన్ని నో కాంటెస్ట్‌గా మార్చారు. ఇలాంటప్పుడు డబ్బు వెనక్కి వస్తుందని చాలామంది ఎదురుచూస్తారు. సాధారణంగా రాదు. రింగులో ఆ రాత్రి ప్రకటించిన ఫలితంతోనే చాలామంది బుకీలు లెక్క ముగించేస్తారు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నిబంధనలు చదివితే తప్పించుకోగలిగినవి. ఇక్కడి నుంచి అసలైన మోసాలు.

'డిపాజిట్‌కి సమానంగా బోనస్' అన్న ఆశ చూపిస్తారు. 1,000 వేస్తే ఇంకో 1,000 ఇస్తారు, కింద చిన్న అక్షరాల్లో 'డిపాజిట్, బోనస్ కలిపి పది రెట్లు ఆడాలి' అని ఉంటుంది. అంటే మొత్తం 20,000 విలువైన పందేలు వేస్తే తప్ప డబ్బు బయటికి తీయలేరు. పైన చూసిన 5.5 వాటాతో 20,000 ఆడితే సగటున పోయేది సుమారు 1,040. ఇచ్చిన బోనస్ అంతా పోయి, మీ డబ్బులోంచీ కొంత పోతుంది. దానికి తోడు కనీస రేటు షరతు కూడా ఉంటే, 1.20 లాంటి ఫేవరెట్ (గెలుస్తాడని ఎక్కువమంది అనుకునేవాడు) మీద వేసినవి లెక్కలోకే రావు.

'ఫిక్స్ అయిన పోటీ, ఫలితం ముందే తెలుసు' అని డబ్బు తీసుకుని సలహాలమ్మే గ్రూపులు ఇంకో రకం. వాళ్ల పద్ధతి తెలిస్తే నమ్మరు. 800 మంది ఉంటే 400 మందికి ఎర్ర మూల బాక్సర్ అని, మిగతా 400 మందికి నీలం మూల బాక్సర్ అని పంపుతారు. గెలిచిన సగాన్నే పట్టుకుని తర్వాతి పోటీకి మళ్లీ సగం సగం. నాలుగు పోటీలయ్యేసరికి 50 మంది మిగులుతారు. ఆ 50 మంది కళ్లముందు నాలుగుకి నాలుగు నిజమయ్యాయి. అయిదో పోటీ సలహాకు పెద్ద మొత్తం అడిగేది వాళ్లనే. స్క్రీన్‌షాట్‌లు చూపిస్తే అసలే నమ్మొద్దు, ఫోన్‌లో అంకెలు మార్చడం నిమిషాల పని.

అన్నింటికన్నా ఎక్కువగా నష్టపరిచేది డబ్బు తీసుకునే దగ్గర. లైసెన్సు లేని యాప్‌లో బ్యాలెన్స్ పెరుగుతూ కనిపిస్తుంది. విత్‌డ్రా నొక్కగానే 'ముందు పన్ను కట్టండి' అనో, 'వెరిఫికేషన్ కోసం ఇంత డిపాజిట్ చేయండి' అనో వస్తుంది. కడితే ఇంకో ఫీజు చెబుతారు. న్యాయమైన చోట కోత ఏదైనా ఉంటే మీ బ్యాలెన్స్‌లోంచే కోసుకుంటారు, బయటి నుంచి కొత్తగా డబ్బు అడగరు. అడిగారంటే తెర మీదున్నది ఉత్త అంకె. అక్కడితో ఆపేయండి. పోయినదాన్ని రాబట్టుకుందామని ఇంకోసారి పంపకండి. చాట్‌లు, లావాదేవీ నంబర్లు, డబ్బు వెళ్లిన ఖాతా వివరాలు భద్రపరిచి, ఆలస్యం చేయకుండా అదే రోజు మీ బ్యాంకుకు, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. ఆ తర్వాత 'పోయిన డబ్బు తెప్పిస్తాం' అంటూ ఫోన్ చేసేవాళ్లు వస్తారు. వాళ్లు అడిగే ముందస్తు ఫీజు కూడా కట్టకండి.