దూరం కనుక్కోవాలంటే స్కేలా, త్రిభుజమా, సూత్రమా?

నిరూపక తలంలో రెండు బిందువుల మధ్య దూరం కావాలంటే మూడు దారులున్నాయి. గ్రాఫ్ కాగితం మీద స్కేలు పెట్టి కొలవొచ్చు, లంబకోణ త్రిభుజం గీసి పైథాగరస్ సిద్ధాంతం వాడొచ్చు, దూర సూత్రంలో (అడ్డం తేడా వర్గం, నిలువు తేడా వర్గం కలిపి వర్గమూలం తీయడం) విలువలు వేసెయ్యొచ్చు. పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో చాలామంది సూత్రాన్నే బట్టీ పడతారు. నా ఓటు మాత్రం త్రిభుజానికి.

ముందు స్కేలు సంగతి. (0, 0), (8, 0), (4, 7) బిందువులను ఒక యూనిట్‌కు ఒక సెంటీమీటరు చొప్పున గుర్తించి కొలవండి. మూడు భుజాలూ 8 సెంటీమీటర్లే, సమబాహు త్రిభుజమే అనిపిస్తుంది. లెక్క వేస్తే అడుగు భుజం వర్గం 64, పక్క భుజాలది 16 + 49 = 65. పొడవుల్లో తేడా మిల్లీమీటరు కూడా ఉండదు, పెన్సిల్ గీత మందంలోనే కలిసిపోతుంది. అసలు శీర్షాల నిరూపకాలన్నీ పూర్ణసంఖ్యలైతే సమబాహు త్రిభుజం రానే రాదు! వచ్చిన జవాబు సరిచూసుకోవడానికైతే స్కేలు చాలు.

సూత్రానికీ త్రిభుజానికీ లోపలున్న లెక్క ఒకటే. తేడా అంతా తప్పు ఎక్కడ దొర్లుతుందన్న దాంట్లో ఉంది. (−2, 3), (4, −5) తీసుకోండి. సూత్రంలో వేస్తే 4 − (−2) రావాలి. ఇక్కడ ఒక మైనస్ మింగేసి 2 అని రాసేవాళ్లు బోలెడుమంది. రఫ్‌గా బొమ్మ గీస్తే ఆ తప్పు జరగదు: −2 నుంచి సున్నాకు 2 గళ్లు, అక్కణ్ణుంచి ఇంకో 4, అడ్డంగా మొత్తం 6. నిలువుగా 3, 5 కలిపి 8. 36 + 64 = 100, దూరం 10. దీనికి గ్రాఫ్ కాగితం కూడా అక్కర్లేదు.

అయితే నిరూపకం తెలియనప్పుడు బొమ్మతో పని జరగదు. (1, 4), (5, 2) లకు సమాన దూరంలో ఎక్స్-అక్షం మీద ఉన్న బిందువేది అంటే, దాన్ని (క, 0) అనుకుని సూత్రమే రాయాలి. అప్పుడు కూడా వర్గమూలాల జోలికి పోకుండా వర్గాలనే సమానం చేస్తే (క − 1)² + 16 = (క − 5)² + 4 అవుతుంది. క² రెండు వైపులా కొట్టుకుపోయి 8క = 12 మిగులుతుంది. బిందువు (1.5, 0).

పరీక్షలో మార్కులు స్టెప్పులకు కాబట్టి జవాబు పత్రంలో సూత్రం రాయండి. అడ్డం, నిలువు తేడాలు మాత్రం రఫ్ బొమ్మ చూసి వేయండి.