రెండేళ్ళు ఒకే చోట కారు కడిగించాక నా సమీక్ష: పాలిష్‌లో పోయిన పెయింట్‌కి డబ్బులు ఎలా వచ్చాయంటే

రెండేళ్ళుగా నెలకు రెండుసార్లు ఒకే సెంటర్‌లో కారు కడిగిస్తున్నాను. పేరు రాయను, చివరికి వాళ్ళు డబ్బులు కట్టారు కాబట్టి. కానీ కట్టేదాకా ఐదు వారాలు నేను పడిన టెన్షన్ ఇంకొకరు పడకూడదని ఇది రాస్తున్నాను.

కడగడంలో వాళ్ళకు వంక పెట్టలేను. ముందు ప్రెషర్ నీళ్ళతో మట్టి వదిలించి, తర్వాతే ఫోమ్ వేస్తారు, షాంపూకి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి వేరే బకెట్. ఇసుక రేణువులు గుడ్డలో ఉండిపోతేనే కదా సన్న గీతలు పడేది. గొడవంతా మెషిన్ పాలిష్ దగ్గర వచ్చింది.

ఆ రోజు ఎప్పుడూ చేసే అబ్బాయి లేడు, కొత్తతను చేశాడు. సాయంత్రం మసక వెలుతురులో బండి అద్దంలా ఉంది, సంతోషంగా తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున ఏటవాలు ఎండ పడేసరికి బానెట్ మీద మెషిన్ తిరిగిన చుట్లన్నీ బయటపడ్డాయి. అంతకంటే పెద్ద దెబ్బ ఎడమ అంచున. మడత తిరిగే చోట అరచేతి పొడవునా మెరుపు లేదు, కొంచెం వ్యాక్స్ రాసి తుడిస్తే గుడ్డకి నీలం రంగు అంటింది. పైనున్న క్లియర్ కోట్, అంటే రంగుని కాపాడే పారదర్శకమైన పొర పోయి, కింద రంగు బయటపడిందన్నమాట.

ఫోన్ చేస్తే వచ్చిన మొదటి మాట "అది ముందు నుంచీ ఉందండీ". నిజం చెప్పాలంటే ఆ మాటకి గట్టిగా జవాబిచ్చే ఆధారం ఆ క్షణంలో నా దగ్గర లేదు. బండి ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోలేదు, తీసుకునేటప్పుడు వెలుతురులోకి తెచ్చి చూసుకోలేదు. మీరు ఈ రెండూ తప్పకుండా చేయండి, రెండు నిమిషాల పని.

నన్ను కాపాడింది పెయింట్ మందం కొలిచే మీటర్. ఫ్యాక్టరీ పెయింట్ అన్ని పొరలూ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లే, తల వెంట్రుకంత మందం కూడా కాదు. అంచుల్లో ఇంకా పల్చన, మెషిన్ అక్కడ కాసేపు నిలిచినా వేడికి, రాపిడికి పోతుంది. అందుకే పని తెలిసినవాళ్ళు అంచులకి టేప్ వేసి మరీ పాలిష్ పడతారు. పాత కొలతలు లేవు కదా అని నేను దిగులుపడుతుంటే, పెయింటింగ్ షెడ్ ఆయన సులువుగా తేల్చేశాడు. అదే బానెట్ కుడి అంచున సరిగ్గా అదే చోట మీటర్ పెట్టాడు, 112 వచ్చింది. ఎడమ వైపు 68. ఆ రెండు అంకెలూ కనిపించేలా ఫొటోలు తీసి, తేదీ, రసీదు జతచేసి మెయిల్ పంపాను. ఫోన్‌లో ఎన్నిసార్లు అరిచినా రాని జవాబు ఆ మెయిల్‌కి రెండు రోజుల్లో వచ్చింది.

వాళ్ళు మొదట ఇస్తామన్నది ఆరు నెలల ఉచిత వాష్, ఇంకోసారి ఉచిత పాలిష్. దీనికి మాత్రం ఒప్పుకోకండి. పాలిష్ అంటేనే పైపొరని కొంచెం అరగదీయడం. లేని క్లియర్ కోట్‌ని మెషిన్ తెచ్చిపెట్టదు, చుట్టుపక్కల ఉన్నదాన్ని కూడా తినేస్తుంది. మళ్ళీ పెయింట్ వేయడం తప్ప దారి లేదు. గోడ మీద "నష్టానికి మా బాధ్యత లేదు" అన్న బోర్డు కూడా చూపించారు. మన బండి మీద పని చేస్తూ అజాగ్రత్తగా పాడుచేస్తే బోర్డు అడ్డం పెట్టుకుని తప్పుకోవడం న్యాయం కాదు, చాలా దేశాల వినియోగదారుల చట్టాలు కూడా అలాంటి బోర్డులను ఊరికే ఒప్పుకోవు. నేను మర్యాదగానే, కానీ రాతపూర్వకంగా, గడువు తేదీ వేసి అడిగాను, ఆ తేదీలోపు తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుకి వెళ్తానని కూడా రాశాను.

రెండు షెడ్లలో ఎస్టిమేట్ తీసుకున్నాను. ఇక్కడ ఒక పేచీ వచ్చింది. బానెట్ ఒక్కదానికే కొత్త పెయింట్ వేస్తే పక్క ఫెండర్లతో, అంటే ముందు చక్రాల పైనుండే రేకులతో, రంగు తేడా కొడుతుంది, అందుకని వాటి మీదకి కూడా రంగు కలిపేస్తూ వేయాలి. వాష్ సెంటర్ ఓనర్ బానెట్‌కి మాత్రమే ఇస్తానన్నాడు. షెడ్ ఆయనతో ఆ కారణం ఎస్టిమేట్‌లోనే రాయించాక అందులో సగం ఒప్పుకున్నాడు. ఒక చక్రం మీద మరక కూడా వాళ్ళదేనని మొదట్లో రాశాను, పాత ప్రయాణం ఫొటో ఒకటి చూస్తే అది అప్పటికే ఉంది, ఆ సంగతి నేనే చెప్పి వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత ఆయన మాట తీరే మారింది.

చివరికి బానెట్ ఖర్చు మొత్తం, ఫెండర్ల పనిలో సగం, పాలిష్‌కి కట్టిన డబ్బు వచ్చాయి. "ఇక ఏ బాకీ లేదు" అన్న కాగితం మీద డబ్బు చేతికి వచ్చాకే సంతకం పెట్టాను.

వాష్‌కి ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నాను, ఐదుకి నాలుగు ఇస్తాను. పాలిష్‌కి ఒకటి. తాళాలు ఇచ్చే ముందు బండి చుట్టూ తిరిగి వీడియో తీస్తున్నాను, వాళ్ళ ఎదురుగానే.